మెరక ఎటు

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నీలం అట్ట. పదకొండో పేజీ నాలుగో వరుసలో నేను రాసిన ఒక మాట, దానికి ఎదురుగా దాని అర్థం ఉన్నాయి. ఒకసారి వాటిని బ్లేడుతో గీకేయబోతే, ఆ పుస్తకం నాకిచ్చిన పరాంకుశం గారు వద్దన్నారు. "తప్పును చెరిపేస్తే అది ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియకుండా పోతుందమ్మా. ఉండనీ" అన్నారు. అందుకని ఉంచాను.

మా అత్త పేరు సూరాడ నూకరత్నం. మా నాన్నకు అక్క. శ్రీకాకుళం తీరంలో బండిగెడ్డపేట అనే మా చేపల ఊరి నుంచి ఓడ కెప్టెన్ అయిన మొదటి మనిషి. ముడిచమురు మోసే పెద్ద ఓడలు నడుపుతుంది. ఓడ మీద పాతికమంది ఆమె మాట వింటారు. ఇంటికి వస్తే మాత్రం తాత మాట తను వింటుంది, విననట్టు నటిస్తుంది. సెలవుకు వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పేసి తడి ఇసుక మీద గెడ్డ సముద్రంలో కలిసే చోటుదాకా నడవడం ఆమెకు అలవాటు. నన్నూ తీసుకెళ్తుంది. నేను బడిలో హాజరు పిలిచినా చెయ్యి ఎత్తుతానే గానీ పలకను. ఆ నడకలో మాత్రం ఆపకుండా మాట్లాడతాను. అత్త కాళ్ళకు నేలంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. "ఆరు నెలలు ఊగినాను కదే పోలీ, ఇది ఊగదు, సూడు" అని మడమతో ఇసుకను గట్టిగా తొక్కి నవ్వేది.

నాకు పదిహేనేళ్ళు నిండిన వేసవిలో దూరాన ఒక జలసంధి దగ్గర యుద్ధం మొదలైంది. మూడు వారాల్లో అది మా ఊరికి వచ్చింది. తుపాకులతో కాదు. డీజిల్ లేక పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కాయి. గ్యాసు లేక అమ్మ సరుగుడాకుతో పొయ్యి రాజేసింది. మండలం ఆస్పత్రి అంబులెన్సును వారంలో నాలుగు రోజులు తాళం వేసి ఉంచారు. మా వీధి చివరి అప్పలనరసకు నొప్పులొస్తే మంచం మీద మోసుకెళ్ళారు. బిడ్డ దక్కలేదు.

అప్పుడు అత్త ఇంట్లోనే ఉంది. తాత వల చిరుగులు అల్లుతూ అడిగాడు.

"ఇంత పెద్ద దేశానికి సొంతోడలు నేవేటే?"

"ఉన్నాయి నాన్నా. సాలవు. పది బిందెల నీళ్ళకి తొమ్మిది బిందెలు పక్కింటోళ్ళవి. అద్దెకి సులువుగా దొరుకుతున్నాయి కదాని మనోళ్ళు సొంతవి కట్టడం మానీసినారు. ముసిలైపోయినవాటిని ఇరగ్గొట్టడానికి పంపీసినారు. ఇప్పుడు యుద్ధమొచ్చింది. బీమా కంపెనీలు మాకు పూచీ నేదన్నాయి. అద్దెవోళ్ళు బిందెలెత్తుకుని ఎల్లిపోనారు. నూనె అక్కడే ఉంది. తెచ్చుకోడానికి మనకి బిందె నేదు."

తాత దారం కొరికి, "సేప పడ్డనాడు ఎవుడూ వల అరువియ్యడు" అన్నాడు.

"ఆ మాటే పదకొండేళ్ళుగా ఢిల్లీకి రాస్తన్నాను. నీ అంత పొట్టిగా రాయడం సేతకాలేదు నాకు."

అది నిజం. ఏడాదికొకటి చొప్పున పదకొండు ఉత్తరాలు. నకళ్ళు అత్త ట్రంకుపెట్టెలో ఉన్నాయి, నేను చూశాను. రెండింటికే జవాబు వచ్చింది. రెండింటిలోనూ "మీ సూచన పరిశీలనలో ఉన్నది" అనే ఉంది. ఏడో ఉత్తరంలో, ఇరగ్గొట్టే రేవుకు చేరిన ఓడల్లో ఇంకా పదేళ్ళు పనిచేయగలవి ఏవో, ఒక్కొక్కదాని ఇంజను ఎలా ఉందో రాసింది. ఆ ఏడో ఉత్తరాన్ని ఎవరో ఎట్టకేలకు చదివారు. వాటిలో ఏడు ఓడలు ఇంకా ముక్కలు కాలేదు. ఒక మధ్యాహ్నం ఓడల శాఖ నుంచి ఫోను వచ్చింది. అత్త మాట్లాడుతూ నిలబడింది. పెట్టేశాక తాత పక్కన కూర్చుంది.

"ఓడలు దొరికినాయి. మనుషులు నేరు" అంది. "ఓడకి పాతికమంది కావాల. ఏడోడలకి నూట డెబ్బై అయిదుమంది. నూనె ఓడ తెలిసినోళ్ళు దేశంలో అంతమంది ఖాళీగా నేరు. ఉన్నా, అంతమందిని బాంబులు పడే నీళ్ళలోకి తీసుకెల్లడం ఎలాగ?"

"మరి నీకెందుకు ఫోను సేసినారు?"

"విశాపట్నంలో ఒకాయన ఏదో కనిపెట్టినాడట. మనుషులు నేకండా ఓడలు ఒక ఓడ ఎనకాల వొస్తాయట, తల్లి ఎనకాల బాతుపిల్లల్లాగ. దానికి నాలాటి మనిషొకర్తి కావాలట."

*

ఆ కనిపెట్టినాయనే డాక్టర్ పరాంకుశం గారు. హార్బరు కనబడే కొండ మీద ఆయన ప్రయోగశాల. సముద్రం మీద ఓడలను నడిపే యంత్రం చేసిన మనిషికి పడవ ఎక్కితే వాంతులవుతాయి. జేబులో ఎప్పుడూ ఎండు ఉసిరికాయ ముక్కలు ఉంటాయి.

అత్త నన్ను వెంట తీసుకెళ్ళింది. "నాను సుక్కాని కాడ ఉంటే మా ఊరి మాటే వొస్తాది సార్. మీకు తెలీదు. ఇది నా మేనకోడలు పోలేశ్వరి. మాట్లాడదు గానీ ఒక్క ముక్క వొదలకుండా రాస్తాది" అని చెప్పింది. నేను తల దించుకున్నాను.

ఆయన నన్ను తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టారు. "ఒప్పులకుప్ప ఆడావామ్మా?" అని, పదిసార్లు గిర్రున తిప్పి ఆపారు. కుర్చీ ఆగింది. గది ఆగలేదు. కిటికీ, హార్బరు, అత్త, అన్నీ తిరుగుతున్నాయి.

"నీ చెవిలోపల కాస్త నీళ్ళున్నాయి. ఒళ్ళు ఎటు వాలుతుందో మెదడుకు చెప్పేది ఆ నీళ్ళే. కుర్చీ ఆగినా అవి ఇంకా తిరుగుతున్నాయి, అంతే" అన్నారు. తరువాత అత్త వైపు తిరిగారు. "మంచి నావికుడు ఓడ వాలకముందే కాలు సర్దుకుంటాడు. ఎలా సర్దుకున్నావంటే చెప్పలేడు. ఆ చెప్పలేనిదాన్ని నేను పట్టుకున్నాను. ఒక్కో ఓడ ఊపు మీ చెవిలోకి వస్తుంది. మీ ఒళ్ళు దానికి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు మళ్ళీ ఓడకు వెళ్తుంది. ఇక ఎటు వెళ్ళాలో మీరు నోటితో చెబితే చాలు. మీ మాటల్ని అది మీ దగ్గరే నేర్చుకుంటుంది."

"చేమిరి లాగ" అంది అత్త.

ఆయనకు అర్థం కాలేదు. నేను కాగితం మీద రాసి చూపించాను: పాలలో తోడు వేసే పెరుగును మా వైపు చేమిరి అంటాం. చెంచాడు వేస్తే కుండెడు పాలు తోడుకుంటాయి. ఆయన చదివి చాలా సంతోషించారు. ఆ యంత్రానికి పలకలేనంత పొడవు పేరు ఉండేది. ఆ రోజు నుంచి ప్రయోగశాలలో అందరూ చేమిరి అనే పిలిచారు.

"ఇందులో చెడు ఏటుంది సార్?" అని అత్త అడిగింది.

ఆయన ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని కాసేపు చప్పరించారు. "రెండు ఓడల ఊపు మీరు ఎంతసేపైనా భరించగలరు. వంతులవారీగా రెండేసి చూసుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. ఏడింటినీ ఒకేసారి లోపలికి తీసుకుంటే మాత్రం పది నిమిషాలు. అది దాటితే చెవి మళ్ళీ కుదురుకోదు. కుర్చీ ఆగినా గది ఆగదు. ఎప్పటికీ."

నేను దాన్ని రాయలేదు. ఒక్క ముక్క వదలకుండా రాస్తానని అత్త చెప్పిన తరువాత నేను వదిలిన మొదటి ముక్క అదే.

*

నెల రోజులు మా ఊరి ముందే శిక్షణ జరిగింది. మనుషులు లేని మూడు చిన్న పడవలు, అత్త నిలబడిన ఒక పడవ. చెవి వెనక రూపాయి బిళ్ళంత చేమిరి. ఊరంతా ఒడ్డున చేరేది. తాత తన తెప్ప మీద పక్కనే తెడ్డు వేసుకుంటూ తప్పులు పట్టేవాడు.

మొదటి వారం మూడో పడవ ఉన్నట్టుండి ఆగిపోయేది. కారణం తెలియలేదు. పరాంకుశం గారు ఒడ్డున గొడుగు కింద కూర్చుని తీగలన్నీ విప్పించారు, బిగించారు. నాలుగో రోజు నాకు తట్టింది. కాగితం రాసి ఇచ్చాను: తాత తుమ్మినప్పుడల్లా ఆగుతోంది.

మాలో ఎవరైనా బయల్దేరేటప్పుడు తుమ్మితే ఒక్క క్షణం ఆగుతారు. అత్త ఇరవై ఏళ్ళుగా దేశాలు తిరిగినా ఆ ఆగడం ఆమె ఒంట్లోనే ఉంది. తనకే తెలియదు. పడవ అది కూడా నేర్చేసుకుంది.

"ముసలాయన తుమ్ముకు భయపడే యంత్రాన్ని ప్రపంచంలో నేనొక్కణ్ణే చేశాను" అన్నారు పరాంకుశం గారు.

"భయం కాదు బాబూ, మర్యాద" అన్నాడు తాత. "మీ మిసనుకి ఉంది. మీకే నేదు."

ఆ తరువాత ఆయన నన్ను గౌరవంగా చూశారు. నోటుపుస్తకం ఇచ్చి, అత్త పిలిచే ప్రతి మాటకూ ఎదురుగా అర్థం రాయమన్నారు. ఆ అర్థాలనే యంత్రానికి ఎక్కిస్తామన్నారు. నేను గుండ్రంగా, బడిలో పరీక్ష రాసినట్టు రాశాను. ఒగ్గీ: వేగం తగ్గించు. దగ్గరికి రా: మూడు వందల గజాలు. ఒదిగుండు: ఉన్నచోటే నిలువు.

పదకొండో పేజీలో దిక్కులు. మా ఊళ్ళో వేటకెళ్ళేవాళ్ళకు దిక్కులు నాలుగు లేవు, రెండే. లోతు, మెరక. లోతంటే సముద్రంలోకి. మెరకంటే ఇంటి వైపు. కుడి ఎడమలు, తూర్పు పడమరలు పడవ మీద ఎవరూ అనరు. అత్త కూడా అనదు, కాబట్టి యంత్రానికీ ఆ రెండు మాటలే తెలుస్తాయి. నేను కాస్త ఆలోచించి రాశాను.

లోతు: తూర్పు. మెరక: పడమర.

మాకు సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఇళ్ళ వెనక దిగుతాడు. నాకు అందులో సందేహం ఏమీ రాలేదు. పడవలకూ రాలేదు. అత్త "లోతుకి" అంటే మూడూ బారుగా తూర్పుకు తిరిగేవి. ఊరంతా చప్పట్లు కొట్టేది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం అమ్మ పాలు తోడు పెడుతోంది. తాత గడప మీద కూర్చున్నాడు. అత్త వచ్చి గిన్నెలో వేలు ముంచి వేడి చూసింది. తాత అటు చూడకుండానే అన్నాడు.

"తోడెట్టీసినాక ఆ సెంచాడు పెరుగు మళ్ళా సెంచాలోకి తీయగలవేటే, రత్నం?"

అమ్మ గిన్నె మీద మూత పెట్టి, "వదినా, పొద్దున్న పెరుగన్నం తినే ఎల్లాల" అంది.

"పది నిమిషాలు దాటను నాన్నా" అంది అత్త.

*

ఏడు ఓడలనూ దుమ్ము దులిపి, పాత పేర్ల మీద కొత్త రంగు వేసి, మన జెండా ఎగరేశారు. ముందు ఓడలో అత్త, పద్దెనిమిదిమంది సిబ్బంది. వెనక ఏడు ఖాళీ ఓడలు. అవి హార్బరు దాటుతుంటే నేను కొండ మీద నుంచి చూశాను. అత్త వాలినట్టే అవీ వాలుతున్నాయి. వెనక నుంచి చూస్తే ఆమె నడకను గుర్తుపట్టినట్టు ఉంది.

ప్రయోగశాలలో పెద్ద తెర మీద ఏడు ఆకుపచ్చ చుక్కలు, ఒక ఎర్ర చుక్క. అత్త మాటలు స్పీకరులో వినబడేవి. నేను మూలన బల్ల దగ్గర కూర్చుని రాసేదాన్ని. వెళ్ళేటప్పుడు అంతా నడిసంద్రమే, దిక్సూచి లెక్కలతోనే సాగిపోయారు. జలసంధి దగ్గర పొగలు కనబడ్డాయని, ఒక ఓడ మండుతుంటే అందులోవాళ్ళను పదకొండుమందిని ఎక్కించుకున్నామని అత్త మామూలుగా, బజారుకెళ్ళి వచ్చినట్టు చెప్పింది. నూనె నింపుకున్నారు. ఒక్కో ఓడలో లక్ష టన్నులు. మామూలు రోజుల్లో అదంతా కలిపితే దేశానికి ఒక్క రోజు తిండి. పొదుపుగా ఆస్పత్రులకు, ధాన్యం లారీలకు, అంబులెన్సులకే అయితే ముప్పై రోజులు. ముప్పై రోజుల్లో రెండో కెప్టెను, మూడో కెప్టెను తయారవుతారని పరాంకుశం గారు చెప్పారు. ముందు ఇవి చేరాలి.

పంతొమ్మిదో రోజు ఉదయం పదిన్నరకు అత్త గుజరాత్ తీరం దగ్గరికి వచ్చింది. నూనె దింపే రేవు ఇంకా అరపూట దూరం. అప్పుడు నైరుతి నుంచి గాలివాన విరుచుకుపడింది. ముందుగా ఎవరూ హెచ్చరించనంత తొందరగా వచ్చింది. ఓడలను తీరం వైపు తోస్తోంది. తీరం ముందు పగడపు దిబ్బలు. ఒక్క ఓడ గీసుకున్నా లక్ష టన్నుల నూనె ఆ నీళ్ళ మీద పరుచుకుంటుంది. అక్కడా మాలాంటి చేపల ఊళ్ళే ఉన్నాయి.

స్పీకరులో అత్త గొంతు గట్టిగా, నిబ్బరంగా వినబడింది. "అందరూ లోతుకి! లోతుకి తిరగండి!"

ఏడు చుక్కలూ తిరిగాయి. తీరం వైపు.

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. "యంత్రం చెడిపోయింది" అన్నారొకరు. "తుఫానుకు తీగలు తెగాయేమో" అన్నారింకొకరు. పరాంకుశం గారి చేతిలో ఉసిరి ముక్కలు నేల మీద పడిపోయాయి. ఓడల శాఖ అధికారి ఫోనులో, "దిక్సూచి అంకెలు పంపండి" అని అరుస్తున్నాడు. ఒక్కో పాత ఓడకు అంకెలు పంపి తిప్పడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఏడింటికి దాదాపు గంట. ముందున్న ఓడకు దిబ్బ ఇరవై నిమిషాల దూరంలో ఉంది.

"లోతుకే అంటే! లోతుకి! ఏటైపోనాది మీకు?" అత్త అరిచినకొద్దీ అవి ఇంకా బిగువుగా తూర్పుకు తిరుగుతున్నాయి. అవి మొండికేయలేదు. చెప్పిన మాట వింటున్నాయి. ఎంత బాగా వింటున్నాయో చూడగానే నాకు అర్థమైంది.

నా కళ్ళ ముందు పదకొండో పేజీ కనబడింది. గుజరాత్‌లో సూర్యుడు సముద్రంలో దిగుతాడు. అక్కడ లోతు పడమర. నా గుండ్రటి అక్షరాలు ఏడు ఓడలను నేల మీదికి పంపుతున్నాయి.

నోరు తెరిచాను. మాట రాలేదు. కాగితం మీద రాసి, పరుగెత్తి పరాంకుశం గారి ముఖం ముందు పెట్టాను. ఆయన చదివారు. నా వైపు చూశారు. తిట్టలేదు. మైకును నా ముందుకు జరిపారు.

"నేను చెబితే ఆవిడకు అర్థం కావడానికి ఐదు నిమిషాలు పడుతుంది. నువ్వు చెబితే ఒక్క మాట చాలు. చెప్పమ్మా."

గదిలో ఇరవైమంది ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు.

"అత్తా" అన్నాను. పిల్లి గొంతులా వచ్చింది. మళ్ళీ అన్నాను. "అత్తా! నాను పోలీని. మెరకకి పిలు!"

"ఏటే? మెరకకేటి? మెరకనే కదా దిబ్బలు!"

"మన ఊరి మెరక అత్తా! నాను తప్పు రాసీసినాను. మెరకంటే పడమరని రాసీసినాను!"

స్పీకరులో గాలి మాత్రమే వినబడింది. ఒక్క క్షణం. తాత తుమ్మితే ఆగేంత.

"ఓలమ్మ గుంటా" అంది అత్త. ఆమె గొంతులో నవ్వు ఉందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. "మన ఊరి మెరకేటి! ఉండు."

తరువాత పరాంకుశం గారితో అంది. "సార్, ఏడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఈ గాలిలో ఒకేసారి తిప్పాల, నేకపోతే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఏడింటినీ లోపలికి తీసుకుంటన్నాను."

"కెప్టెన్ గారూ, ఎంతసేపు?"

"తిరిగినంతసేపు."

ఆ తరువాత ఆమె ఏడు ఓడలనూ ఒక్కొక్కదాన్ని పిలిచింది. ఎదురుగా సముద్రం కనబడుతుంటే దాన్ని మెరక అని పిలిచింది. ఒంట్లోని ప్రతి నరం అటు కాదని చెబుతున్నా, నోటితో ఇంటి వైపు రమ్మన్నట్టు పిలిచింది. "మెరకకి రండి. ఒగ్గీ, రెండోదానా, తొందరపడకు. మెరకకి. అమ్మా, అలాగే. మెరకకి." చుక్కలు ఊగాయి, తడబడ్డాయి, మెల్లగా పడమరకు మొహం తిప్పాయి. గోడ మీద గడియారం చూశాను. పది నిమిషాలు. పదిహేను. పరాంకుశం గారు, "ఇక రెండు వదిలేయండి, చెవి..." అన్నారు. అత్త వినలేదు. ఇరవై ఆరు. ఏడో ఓడ దిబ్బకు రెండు వందల గజాల దూరంలోంచి తప్పుకుంది. ముప్పై ఎనిమిదో నిమిషంలో అత్త, "ఒదిగుండండి" అంది. అంతటితో ఆమె మాట ఆగింది.

గదిలో అందరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. పరాంకుశం గారు కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. నేను నోటుపుస్తకంలో 38 అని రాశాను. ఆ రోజు ఇంకేమీ రాయలేదు.

*

నూనె చేరింది. మా మండలం అంబులెన్సు తాళం తీశారు. మొదటి ట్యాంకరు లారీ వచ్చిన రోజు అప్పలనరస తన గుమ్మంలోంచి దాన్ని చూస్తూ నిలబడింది. మా అమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది, అంతే.

ఢిల్లీలో అత్త పదకొండు ఉత్తరాలనూ ఒక్కటిగా అచ్చువేశారట. సొంత ఓడలు కట్టడానికి చట్టం వచ్చింది. ఇరగ్గొట్టే రేవుకు వెళ్ళే ప్రతి ఓడనూ ముందు పరీక్షించాకే వెళ్ళనివ్వాలని అందులో ఒక నియమం ఉంది. అది ఏడో ఉత్తరంలోని మాటే, మార్చకుండా. పేపర్లో అత్త ఫొటో చూసి తాత, "టోపీ వంకరగా ఎట్టుకుంది" అన్నాడు. దాన్ని మడిచి వల అల్లే సూదుల సంచిలో దాచుకున్నాడు.

చేమిరికి కొత్త కెప్టెన్లు తయారయ్యారు. ఇప్పుడు ఎవరూ రెండు ఓడల కన్నా ఎక్కువ తీసుకోరు. ఎందుకో వాళ్ళందరికీ తెలుసు.

అత్త ఆగస్టులో ఇంటికి వచ్చింది. ఆస్పత్రిలో రెండు నెలలు ఉంచినా చెవి కుదురుకోలేదు. ఆమెకు నేల ఊగుతూనే ఉంటుంది. గోడ, మంచం, అన్నం కంచం, అన్నీ. రోడ్డు మీద కారులో అస్సలు పనికిరాదని రేవు నుంచి పడవ మీద తెచ్చారు. పడవ మీద ఆమెకు కాస్త నయం. అక్కడ అందరికీ ఊగుతుంది కదా.

ఊరంతా ఒడ్డుకు వచ్చింది. పరాంకుశం గారు కూడా అదే పడవలో వచ్చారు, దారంతా వాంతి చేసుకుంటూ. తాత మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి అత్త చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వద్దంది.

"నానే నడుస్తాను నాన్నా."

చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగింది. రెండు అడుగులు వేసింది. మూడో అడుగు పక్కకు పోయింది. అల తగిలి చుట్టూ ఒకసారి తిరిగింది. నిలదొక్కుకుంది గానీ, ఎటు తిరిగి ఉందో తనకు తెలియలేదు. కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిస్తే ఇంకా ఎక్కువ తిరుగుతుందని తరువాత చెప్పింది. ఒడ్డున చప్పట్లు కొడదామని వచ్చినవాళ్ళ చేతులు అలాగే ఉండిపోయాయి.

ఆమె కళ్ళు మూసుకునే పిలిచింది.

"పోలీ! ఉన్నావేటే?"

నేను జనం వెనక ఉన్నాను. ఊరు తిడుతుందని కాదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. నా మొహం ఆమెకు ఎలా చూపించాలో తెలియక.

"ఒలే పోలీ! మెరక ఎటే?"

నాకు దారి ఇస్తూ జనం పక్కకు జరిగారు. నేను ముందుకు వచ్చాను. తడి ఇసుక దాకా వచ్చి, మడమలు గట్టిగా తొక్కి నిలబడ్డాను. ఊరంతా వింటోంది.

"ఇటు అత్తా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "ఇటే మెరక! నానున్న ఏపు!"

ఆమె మొహం నా వైపు తిరిగింది. తూలింది, ఆగింది, మళ్ళీ అడుగు వేసింది. నేను పిలుస్తూనే ఉన్నాను. "ఒగ్గీ అత్తా, తొందరపడకు. మెరకకి రా. అలాగే. మెరకకి."

నాలుగడుగుల దూరంలో ఉండగా వెనక నుంచి తాత గట్టిగా తుమ్మాడు.

అత్త ఆగింది. ఒక్క క్షణం. నవ్వింది. మళ్ళీ నడిచింది.